పెరటిలోని కప్పలను దూరముంచు విధము

జూన్ మాసమున తొలకరి వాన కురిసిన మరునాటి రాత్రి నుండి బీదరులోని ఇండ్లలో ఒకే మాట వినవచ్చును. మోరి దగ్గర కప్ప, తులసికోట చెంత కప్ప, గడప దాటి వంటింటిలోనికి వచ్చిన కప్ప. మన వీధులలో దీనిని తెలుగువారు కప్ప యనియు, కన్నడిగులు కప్పె యనియు, మరాఠీవారు బేడూక్ అనియు, ఉర్దూ మాటలాడువారు మేండక్ అనియు పిలుతురు. పేర్లు నాలుగైనను, అది కనబడినంతనే నాలుగు భాషలవారును చేయు పని మాత్రము తరచుగ ఒక్కటియే: వంటింటి నుండి గుప్పెడు ఉప్పు తెచ్చి దానిపై చల్లుట.

ఈ పని చేయరాదని చెప్పుటయు, దానికి బదులు ఏమి చేయవలెనో వివరించుటయు ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. పెరటిలో కప్పలు వలదనుకొనుట తప్పని మేము చెప్పబోము. రాత్రివేళ పసిపిల్లలు తిరుగు ఇంటిలో, కుక్కను పెంచుకొను ఇంటిలో, త్రాగునీటి తొట్టి మూతలేక యున్న ఇంటిలో కప్పలు వలదనుకొనుటకు తగిన కారణములే కలవు. అయితే కప్ప మన ఇంటికి ఊరక రాదు. నీరు, పగటిపూట దాగుటకు చల్లని చాటు, రాత్రి తినుటకు పురుగులు, ఈ మూటి కొరకే అది వచ్చును. ఈ మూడును లేని పెరటిలో దానిని తరుమవలసిన పనియే యుండదు. ఈ మూడును ఉన్న పెరటిలో ఎంత తరిమినను అది మరల వచ్చును.

మొదట, మన యిండ్లకు వచ్చునది ఏ కప్పయో తెలిసికొందము. అన్ని కప్పలును ఒకటి కావు. ఇంటిలోనికి ఎక్కువగ వచ్చునది గోధుమవన్నె గల నేలకప్ప. దాని చర్మము గరుకుగ, పొక్కులతో నిండియుండును. ఆ పొక్కుల కొనలు నల్లగ నుండును. ఇది ఎక్కువ దూరము గెంతలేదు, గోడ నెక్కలేదు. కన్నుల వెనుక రెండు ఉబ్బిన గ్రంథులు కలవు. శత్రువు నోట కరచుకొన్నచో వాని నుండి పాలవంటి విషద్రవము వెలువడును. దీనిని తాకినవారికి పులిపిరులు వచ్చునని మన పెద్దలలో కొందరికి గట్టి నమ్మకము. అది నిజము కాదు. పులిపిరులు ఒక విధమగు వైరస్ వలన మనుష్యుని నుండి మనుష్యునికి వచ్చును. కప్పకును వానికిని ఎట్టి సంబంధము లేదు. కాని ఆ పాలద్రవము కంటిలో పడినచో మంట పుట్టును గనుక, కప్పను ముట్టినవారు సబ్బుతో చేతులు కడుగుకొనునంత వరకు కన్నులు తుడుచుకొనరాదు. కుక్కపిల్ల దీనిని కరచినచో దాని నోట నురుగు వచ్చును. తడిగుడ్డతో నోరు తుడిచి, నీరు గొంతులోనికి పోకుండ ప్రక్కకు వంచి కడిగి, వెంటనే పశువైద్యునికి చూపవలెను.

స్నానపు గదిలో గోడకు అంటుకొని కనబడు సన్నని కాళ్ళ కప్ప వేరు. అది చెట్టుకప్ప. దాని వ్రేళ్ళ కొనలయందు గుండ్రని బిళ్ళలుండుటచే అద్దము మీదనైనను ప్రాకగలదు. నూతినీటిపై తేలుచు, అలికిడి కాగానే నీటిమీద గులకరాయి విసరినట్లు ఎగిరి ఎగిరి పోవునది మరియొకటి. "నూతిలోని కప్ప" అను మన సామెతకు అదియే తగినది. ఏడాది పొడుగున నీటినే అంటిపెట్టుకొని యుండును. ఇవి గాక, బొటనవ్రేలి గోరంత యుండియు ఇంటి యజమానికి రాత్రియంతయు నిద్ర లేకుండ చేయునట్టి చిన్న కప్పలు కలవు. వాని దేహమునకును గొంతునకును పొంతనయే లేదు. ఇక తొలకరినాడు పొలముల మడుగులలో పసుపు ముద్దవలె కనబడు పెద్ద బావురుకప్పను చూచి, ఇది ఆకాశము నుండి పడినదనియు, విషపు కప్ప యనియు కొందరు పిల్లలు భయపడుదురు. అది మన దేశపు బావురుకప్పలలోని మగది మాత్రమే. సంతానోత్పత్తి కాలమున అది పసుపు వన్నె దాల్చును. గొంతుకిరుప్రక్కల తిత్తులు నీలముగ నుబ్బును. కొలది దినములకు ఆ రంగు పోయి మరల మామూలు కప్ప యగును.

ఈ అరపు కూడ మగకప్పలదే. ఆడకప్పలను పిలుచుటకై అవి అరచును. పెద్ద వాన కురిసిన తరువాత కొన్ని రాత్రులు ఈ సంగీత సభ జోరుగ సాగి, గ్రుడ్లు పెట్టుట ముగియగానే చాలవరకు తగ్గిపోవును. శబ్దము మాత్రమే బాధయైనచో, ఆ కొన్ని రాత్రులు కిటికీ మూసికొనుట తప్ప వేరుగ చేయవలసినది లేదని మా అభిప్రాయము.

ఇప్పుడు ఉప్పు మాటకు వత్తుము. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో నుంచినచో మరునాటికి నీరూరుట మీ ఇంటిలో మీరందరును చూచియుందురు. ముక్కలోని నీటిని ఉప్పు వెలుపలికి లాగినది. దీనినే మీ విజ్ఞానశాస్త్ర పుస్తకములో ద్రవాభిసరణ మనిరి. కప్ప నోటితో నీరు త్రాగదు. చర్మము ద్వారమున పీల్చుకొనును, చర్మముతో కొంతవరకు ఊపిరియు పీల్చును. అంతటి పలుచని చర్మముపై ఉప్పు చల్లినప్పుడు ఆ మామిడిముక్కకు జరిగినదే బ్రదికియున్న ప్రాణికి జరుగును. అది గెంతుకొనుచు పోయినది చూచి "వెళ్ళిపోయినది" అని మనము తృప్తిపడుదుము. అది పోయినది గోడ ప్రక్కన చచ్చుటకే.

కప్ప సంగతి అటుంచుడు. ఉప్పు చల్లిన నేల మనదే గదా. చిక్కుడుపాదు, కరివేపాకు, చేమంతి మొదలగు మొక్కల ఆకుల అంచులు మాడిపోవుటకు నేలలో చేరిన ఉప్పు ఒక కారణము. ఉప్పునకు బదులు బ్లీచింగుపొడి, ఫినాయిలు, కిరోసిను, పురుగుమందు చల్లువారును కలరు. వీనిని ఎచ్చటనైనను చల్లరాదు. బీదరులో మరింత చల్లరాదు. దీనికి కారణము మన కాలిక్రింది నేలయందే యున్నది.

బీదరు పట్టణము ఎర్రని చిల్లులరాతి పీఠభూమిపై కట్టబడినది. కోటగోడలను, కోట చుట్టును తొలిచిన కందకములను చూచిన పిల్లలందరును ఆ రాతిని ఎరుగుదురు. స్పంజువలె దానినిండ రంధ్రములుండును. పైన పడిన వాననీరు ఆ రంధ్రముల గుండ క్రిందికి దిగి, అడుగుననున్న గట్టి నల్లరాతిని తాకి అచట నిలిచి, పీఠభూమి అంచులయందు ఊటలుగ వెలికి వచ్చును. నరసింహ ఝరాలో భక్తులు నడుమువరకు మునిగి నడచునట్టి నీరు, గురునానక్ ఝరాలో యాత్రికులు తీర్థముగ గ్రహించు నీరు ఇట్టి ఊటలవే. ఈ మర్మము బహమనీ సుల్తానుల కాలపు నిపుణులకు బాగుగ తెలియును. పదునైదవ శతాబ్దమున బీదరు రాజధాని యైన కాలములో వారు నౌబాద్ దగ్గర నేలక్రింద సొరంగము తొలిపించి, నడుమ నడుమ పైకి బావులవంటి రంధ్రములు విడిచి, ఆ ఊటనీటిని ఏ యంత్రమును లేకుండ పారించిరి. ఆ కారేజ్ ఇప్పటికిని కలదు.

అనగా మన పెరటిలో పోసినది మన పెరటిలో నిలువదు. అది మన నూతికో, ప్రక్కవారి బోరుకో దిగును. ఒక యిల్లాలు ఒక రాత్రి చల్లిన గుప్పెడు ఉప్పుతో నూయి చెడిపోదు, నిజమే. కాని వీధిలోని ప్రతి ఇంటను, ప్రతి వానకును, ఉప్పుతో తృప్తిచెందక పురుగుమందు దాక పోయినచో, ఆ నీరు త్రాగవలసినవారు మన పిల్లలే. భాల్కి, ఔరాదు వైపున నల్లరేగడి నేలలలో నివసించువారికి చిక్కు మరియొక తీరున నుండును. అచట నీరు త్వరగ ఇంకదు. దినముల తరబడి పైననే నిలుచును. ఎర్రనేలవారికంటె వారికి కప్పల బాధ ఎక్కువగుట కిదియే హేతువు.

కావున మందులను ప్రక్కకు పెట్టి నీటితో ప్రారంభింపవలెను. పెరటిలో నీరు నిలుచు చోట్లను ఒక ఆదివారము ఉదయమున తల్లిదండ్రులును పిల్లలును కలసి వెదకినచో ఆశ్చర్యము కలుగును. పూలకుండీల క్రింది పళ్ళెములు, పాత టైరు, పగిలిన కుండ, కొబ్బరిచిప్ప, గేదెల కుడితితొట్టి, క్రొత్తగ కట్టిన గోడ తడుపుటకు నింపిన డ్రమ్ము, బట్టలుతుకు బండ ప్రక్కన నేల క్రుంగిన గుంట. కప్పకు గ్రుడ్లు పెట్టుటకు చెరువు అక్కరలేదు. ఈ పాటి నీరు చాలును. గ్రుడ్డు నుండి తోకకప్ప, తోకకప్ప నుండి పిల్లకప్ప యగుటకు సుమారు నెల పట్టును. దోమకు వారము పది దినములు చాలును. కావున వారమునకొకసారి అన్ని పాత్రలను బోర్లించి యొక పూట ఎండబెట్టినచో రెండును పెరుగవు. పొరుగు రాష్ట్రమైన తెలంగాణములో ఆరోగ్యశాఖవారు శుక్రవారమును "డ్రై డే"గ పాటింపుడని ప్రచారము చేయుదురు. వారు డెంగీ దోమకై చెప్పినది కప్పకును పనికివచ్చును.

ఇచట ఒక మాట. కప్పలున్న ఇంట దోమ లుండవని చెప్పి కొందరు నీటితొట్టెలను అట్లే విడిచిపెట్టుదురు. నేలకప్ప తినునవి ముఖ్యముగ చీమలు, చెదలు, పెంకుపురుగులు. దోమలు దాని ఆహారములో చాల కొలదిపాటివి. కప్పను నమ్ముకొని తొట్టి మూయకుండుట జ్వరమును పిలుచుకొనుటయే.

మొక్కలకు నీరు పోయు వేళయు ముఖ్యమే. సాయంకాలము పోసినచో నేల రాత్రియంతయు తడిగ నుండును. కప్ప తిరుగునది రాత్రియందే. ఉదయమున పోసినచో మొక్క త్రాగును, పైమట్టి సందెవేళకు ఆరును. మోరినీరు పారు చోట గులకరాళ్ళతో నింపిన ఇంకుడుగుంట యొకటి త్రవ్వినచో బురద యుండదు. మన ఎర్రనేలలో ఇంకుడుగుంట చక్కగ పనిచేయును. కాని అందులోనికి సబ్బునీరు, మరుగునీరు విడువక వాననీరును, శుభ్రమైన నీరును మాత్రమే విడువవలెను. అది ఎచటికి దిగునో ఇంతకు ముందే చెప్పితిమి.

ఇక దీపము. తొలకరి తరువాత ఉసిళ్ళు పుట్టలనుండి లేచి వీధిదీపములను, వసారా దీపములను ముసురుకొనును. రెక్కలు రాల్చి నేలపై ప్రాకు ఉసిళ్ళు కప్పలకు పెండ్లివిందు. వసారాలో తెల్లని దీపము రాత్రి పదింటివరకు వెలిగించి, గడప దగ్గరకు కప్పలు వచ్చుచున్నవని విచారపడిన ప్రయోజనమేమి? ఉసిళ్ళు లేచిన రాత్రి వసారా దీపమార్పి, వలసినచో వాకిటి గేటు దగ్గర దీపము వెలిగింపుడు. విందు అచటికి మారిన వెంటనే అతిథులును అచటికే పోవుదురు. పసుపువన్నె దీపమునకు తెల్లని దీపమునకంటె పురుగులు తక్కువగ వచ్చును.

పగటి చాటులను తొలగించుట కష్టమైన పని కాదు గాని, విసుగు పుట్టించు పని. ఇల్లు కట్టగ మిగిలిన ఇటుకలు, వంటచెరకు, పాత రేకులు పెరటిమూలను పడియుండుట మన ఇండ్లలో పరిపాటి. వానిని నేలనుండి జానెడెత్తున దూలములపై పేర్చినచో క్రింద గాలియు వెలుతురును ఆడి చల్లదనము పోవును. గోడ వెంబడి గడ్డి కోసి, రాలిన ఆకులను ఎరువుగుంటలో వేసి మట్టి కప్పవలెను.

ఈ పని కప్పలకంటె పాముల కొరకు ఎక్కువగ చేయవలసియున్నది. పెద్దలు కప్పలను చూచి కలవరపడుటకు నిజమైన కారణము పాము. కప్ప యున్నచోటికి నీరుకట్టె వచ్చును, జెర్రిపోతు వచ్చును. అప్పుడప్పుడు నాగుపామును రావచ్చును. మొదటి రెండును విషములేనివి. మూడవదానికి ఇటుకల గుట్టయే తగిన నివాసము. రాత్రి పెరటిలోనికి పోవువారు చెప్పులు తొడిగి, దీపము పట్టుకొని పోవలెను. ఇటుకల సందున చేయి పెట్టరాదు. పాము కరచినచో కట్టు బిగించుట, గాయము కోయుట, మంత్రగానికొరకు వేచియుండుట మాని, కరచిన అవయవమును కదలనీయక తక్షణమే ప్రభుత్వ ఆసుపత్రికి కొనిపోవలెను. పాము విషమునకు విరుగుడు మందు అచటనే లభించును.

ఇవన్నియు చేసిన తరువాత కూడ ఇంటి ప్రక్కన చెరువో, కాలువయో ఉండుటచే కప్పలు వచ్చుచుండినచో అడ్డు కట్టవచ్చును. నేలకప్ప ఎక్కలేదని చెప్పితిమి గదా. చిటికెన వ్రేలు దూరని సన్నని జాలీని మూరెడెత్తున, బెత్తెడు లోతు మట్టిలో పాతి, కొంచెము వెలుపలి వైపునకు వంచి కట్టినచో అది దాటలేదు. గేటు క్రింది సందునకు పాత సైకిలు ట్యూబు చీల్చి కట్టినను సరిపోవును. మోరి వెలుపలి మూతికి జాలీ తప్పక వేయవలెను; ఇంటిలోనికి వచ్చు కప్పలకు అది రాజమార్గము. చెట్టుకప్పకు మాత్రము కంచె లెక్కలేదు. దానికి కిటికీలకును గాలిరంధ్రములకును సన్నని వలయే శరణ్యము. నూతికిని, నీటి సంపునకును మూత యుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. కప్ప పడుట అటుంచి, పిల్లలు పడకుండుటకైనను మూత అవసరము.

ఇంటిలోనికి వచ్చిన కప్పను పట్టుట యెట్లు? చీపురుతో మోదినచో అది మంచము క్రిందికి పోవును. చేటను ముందుంచి, వెనుకనుండి చీపురుతో మెల్లగ త్రోసినచో తానే చేటలో కూర్చుండును. చేటలేనిచో వెడల్పు డబ్బాను దానిపై బోర్లించి, క్రిందుగ అట్టను జొనుపవలెను. ఒకేసారి నాలుగైదింటిని పట్టి బుట్టలో వేయదలచినవారికి "కప్పల తక్కెడ" అను మాట ఎట్లు పుట్టినదో అనుభవమునకు వచ్చును. పట్టినదానిని తడిగ, నీడగ నున్న చోట, బాటకు దూరముగ విడువవలెను. సంచిలో వేసికొని ఊరి వెలుపలికి పోయి విడువనక్కరలేదు. కప్పలకు తమ నివాసమును గురుతుపట్టి మరలి వచ్చు శక్తి కలదు; నీరును దీపమును అట్లే యున్నచో ఆ చోటికి క్రొత్త కప్పయైనను వచ్చును.

అన్నింటిని చంపి పీడ వదిలించుకొనరాదా యని కొందరు పిల్లలు మమ్ము అడుగుచుందురు. మన దేశము ఒకప్పుడు అట్టి పని వేరొక కారణముతో చేసినది. కప్పకాళ్ళను మంచుగడ్డకట్టించి ఐరోపా, అమెరికా దేశములకు ఏటేట వేలకొలది టన్నులు ఎగుమతి చేసితిమి. పొలముల కప్పలు తరిగిపోవుట చూచి, పురుగులను తిను ప్రాణిని అమ్మి పురుగుమందును కొనుట తెలివియా యని శాస్త్రజ్ఞులు ప్రశ్నించిరి. 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించెను.

దీనికి సరిగ ఎదురైన కథ ఆస్ట్రేలియాలో జరిగెను. చెరకుతోటల పెంకుపురుగులను తినునని 1935లో హవాయి దీవులనుండి అమెరికా ఖండపు పెద్ద కప్పలను తెచ్చి క్వీన్సులాండులో విడిచిరి. అవి పురుగులను అదుపు చేయలేదు. తామే లెక్కకు మిక్కిలిగ పెరిగి ఉత్తర ఆస్ట్రేలియా నిండినవి. ఆ కప్పల విషమెరుగని అచటి బల్లులును, పాములును వానిని మ్రింగి చచ్చినవి. మన బావురుకప్పయే అండమాన్ దీవులకు చేర్పబడి, అచటి కప్పపిల్లలను తినుచు పీడయైనది. మన పొలములో మేలుచేయునది అచట కీడైనది. అచట దానిని తొలగింపవలెను. ఇచట పెరటి గోడ అవతలికి పంపిన చాలును. ఈ భేదము నెరుగక చేయు పని ఏదైనను చెడును.

మన జనులకు కప్పపై నున్న భావము కూడ విచిత్రమైనదే. వానలు ముఖము చాటేసిన యేట తెలంగాణ పల్లెలలో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికి త్రిప్పి కప్పతల్లి ఆట ఆడుదురు. ఇల్లాండ్రు దానిపై నీరు పోయుదురు. కన్నడదేశములో కప్పలకు పెండ్లి చేయుదురు. 2019 జూన్‌లో ఉడిపిలో అట్టి పెండ్లి జరిగినది. జూన్‌లో బిందెడు నీటితో పిలిచిన తల్లిని జులైలో గుప్పెడు ఉప్పుతో సాగనంపుట న్యాయమా యని మేము మా విద్యార్థుల నడిగినప్పుడు వారు నవ్విరి. కట్టబడిన ఆ కప్పకు ఆ ఆటయు సుఖముగ నుండదని ఒక బాలిక అన్నది. ఆమె మాట నిజమే.

కుండీలో గాని తొట్టిలో గాని నల్లని చుక్కలు గ్రుచ్చిన జిగట దారములవంటివి కనబడినచో అవి నేలకప్ప గ్రుడ్లు. నీటిపైని కొమ్మకో, తొట్టి అంచునకో అంటిన తెల్లని నురుగుముద్ద యైనచో చెట్టుకప్ప గ్రుడ్లు. దారములను పుల్లతో ఎత్తి, అదే తొట్టినీటితో సహా డబ్బాలోనికి తీసి, ఇంటికి దగ్గరలోని మడుగులో విడువవచ్చును. నురుగుముద్దను కొమ్మతో కోసి మడుగు నీటికి పైగ వ్రేలాడునట్లు కట్టవలెను, నీట ముంచరాదు. అక్టోబరు దాటి నేల ఎండుటతో చాల కప్పలు తామే మట్టిలోనికి దూరి మరుసటి తొలకరి వరకు కదలక యుండును. చలికాలమున కుండీ మట్టి మార్చునప్పుడు గడ్డపారకు బదులు చేతితో మట్టి విడదీయుడు. అడుగున ముడుచుకొని యున్న కప్ప కనబడినచో కొంచెము తడిమట్టి కప్పి గోడమూలను నీడలో నుంచిన చాలును.